సర్దుకుపోయే ఇంజనుపై సంచార విచారణ

బస్సు ఆగితే మళ్ళీ కదలదనీ, అందుకే ఆపడం లేదనీ, ఈ సంగతి బస్సులో ఎవరికీ తెలియకూడదనీ బస్సులో ఉన్న అందరికీ మైకులో చెప్పారు.

చెప్పినవారు రవాణా సంస్థ అధ్యక్షులవారు. డ్రైవరు సీటు వెనక కమ్మీని ఒక చేత్తో, మైకును ఇంకో చేత్తో పట్టుకుని, మూడో చెయ్యి లేనందుకు మెడలోని పూలదండను గడ్డంతో నొక్కిపెట్టుకుని నిలబడ్డారు. "ఎవరూ కంగారు పడొద్దు. కంగారు పడటానికి కారణం ఏమీ లేదు. ఉన్న కారణాన్ని మేం పరిశీలిస్తున్నాం," అని ముగించారు. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి కమ్మీలు వదిలేశారు గనక, వచ్చిన మలుపులో అందరూ ఎడమవైపు కిటికీల మీద పడ్డారు. అది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని సర్దుకున్నారు.

కూడలి మధ్య ఎండిపోయిన ఫౌంటెను. చుట్టూ రోడ్డు. రోడ్డు పక్కన ఎర్ర తివాచీ పరిచిన వేదిక. వేదిక మీద ఈ బస్సు ఇంజనుని చూసి కొనుక్కోవడానికి పొరుగు దేశం నుంచి వచ్చిన ప్రతినిధి బృందం టీ తాగుతోంది. టీ అయ్యాక బస్సు ఠీవిగా వచ్చి వేదిక ముందు నుంచి సాగిపోవాలని ఏర్పాటు. టీ అవలేదు. బస్సు వచ్చేసింది. మామూలు బస్సయితే ఓ పక్కన ఆగి ఎదురుచూసేది. ఇది దేశం గర్వించదగిన బస్సు గనక ఫౌంటెను చుట్టూ తిరుగుతోంది. వేదిక ముందుకి వచ్చిన ప్రతిసారీ బ్యాండువాళ్ళు అదే పాట మొదటినుంచి ఎత్తుకుంటున్నారు. బాకా ఊదే అతనికి బుగ్గలు వాచాయి.

"మావయ్యా, స్పీడు తగ్గించకండి. తగ్గిస్తే దాని ప్రాణం పోతుంది," అంది ఇంజను మూత పక్కన కూర్చున్న ఇంజనీరు.

"ముందు నా ప్రాణం పోయేట్టుంది తల్లీ. ఒకే వైపు తిప్పీ తిప్పీ ఈ చెయ్యి ఆ చేతికంటే పొడుగైపోతోంది," అన్నాడు డ్రైవరు.

డ్రైవరు కొడుకుని పెళ్ళి చేసుకుంది గనక ఆ ఇంజనీరుని డిపో మొత్తం కోడలు అనే పిలుస్తుంది. ఆవిడ సంపాదించిన రెండు డిగ్రీలకంటే ఈ హోదానే అందరి నోటా సులువుగా తిరుగుతుంది. డ్రైవరుకి స్టీరింగు తప్ప వేరే లోకం తెలియదు. ఇంట్లో అన్నం పళ్ళేన్ని కూడా రెండు చేతులా పట్టుకుని, కూర తన వైపుకి వచ్చేదాకా మెల్లగా తిప్పుకునే మనిషి.

ఇంతలో బస్సు వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ లేచింది. మామూలుగా లేవలేదు, పరుపు విప్పినట్టు లేచింది. గాలి వేదిక వైపు తిరిగింది. పొగ తొలగేసరికి ప్రతినిధి బృందం నాయకుడు తన కప్పు అనుకుని పక్కాయన కప్పులో తాగుతున్నాడు.

అధ్యక్షులవారు పరువు పోయిందని గ్రహించారు. పరువు పోయినప్పుడు ఆయన చేసే పని ఒక్కటే. అక్కడికక్కడే ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించారు. ఆ ఏక సభ్యుడూ తానేనని ప్రకటించి, తనను తాను అభినందించుకుని, బాధ్యతలు స్వీకరించారు. నేరం జరిగిన చోటే విచారణ జరగాలి, ఆ చోటు తిరుగుతోంది గనక విచారణ కూడా తిరుగుతూనే జరుగుతుంది.

"వాళ్ళ టీ పూర్తయ్యేలోగా దోషి పేరు మైకులో వినపడాలి. ముందుగా ఏ పేరు వినపడితే అదే తుది నిర్ణయం. దోషికి ఉద్యోగం ఉండదు. ఈ జన్మలో మళ్ళీ మా వాహనాన్ని తాకే హక్కు ఉండదు. కండక్టరు సాక్షి," అన్నారు మైకులో. తర్వాత మైకుకి చెయ్యి అడ్డం పెట్టి కోడలి వైపు వంగారు.

"చూడమ్మా, పని చాలా తేలిక. డ్రైవరు కాలు బరువు. అంతే. ఆ ముక్క నువ్వు చెప్పు."

"ఆయన కాలుకీ తెల్ల పొగకీ సంబంధం లేదండీ."

"లేదని నాకూ తెలుసు. ఉందని చెప్పడానికేగా నీకు జీతం. చెప్పకపోయావా, ఇంజనుకి ఆ పెట్టె బిగించింది నువ్వే గనక నీ పేరు నేను చెప్తాను. మావయ్య పేరా, నీ పేరా అన్నది మీ ఇంటి విషయం. మీరూ మీరూ తేల్చుకోండి. బయటివాణ్ణి, నేను జోక్యం చేసుకోను."

పెట్టె గురించి పాఠకులకు తెలియకపోవడం పాఠకుల తప్పే అయినా, ఇక్కడ కొంచెం చెప్పక తప్పదు.

డీజిలు అనే పేరు ఒకటే గానీ ఏ రెండు లోడ్లూ ఒకలా ఉండవు. ఒకటి పలచన, ఒకటి చిక్కన. ఒకటి చటుక్కున అంటుకుంటుంది, ఒకటి బద్ధకించి అంటుకుంటుంది. పలచనిదైతే ఇంజెక్టరు కాస్త ఎక్కువసేపు చిమ్మాలి. చిక్కనిదైతే గట్టిగా చిమ్మాలి. బద్ధకిష్టిదైతే ముందుగానే చిమ్మి, అంటుకునేదాకా ఓపిక పట్టాలి. కోడలు తయారుచేసిన పెట్టె ఏం వస్తోందో క్షణక్షణం చూసుకుంటూ, ఆ వచ్చినదాన్ని బట్టి చిమ్మే తీరు మార్చేస్తుంది. దీనికి సంస్థ 'సర్వ ఇంధన సమన్వయ పథకం' అని పేరు పెట్టింది. ప్రారంభోత్సవంలో అధ్యక్షులవారు చేసిన ప్రసంగం ఇప్పటికీ డిపోలో చెప్పుకుంటారు. "ఏమి ఇచ్చినా నోరెత్తదు! ఎంత ఇచ్చినా చాలదు అనదు! ఇది ఇంజను కాదు, మన సంస్కృతి!" అన్నారు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మగవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఇంజను అన్నిటికీ సర్దుకుంటున్నప్పుడు ఇంధనాన్ని పరీక్షించడం ఇంజనుని అవమానించడమే అవుతుందని, పరీక్షా కేంద్రాన్ని మూసేశారు. పరీక్షలు చేసే ఆయన్ని బస్సుల హారన్లు మోగుతున్నాయో లేదో వినే విభాగానికి బదిలీ చేశారు. ఆయన పాపం ఇప్పుడు ఎవరేం అడిగినా గట్టిగా అరిచి జవాబు చెప్తున్నాడు.

అప్పటినుంచీ డిపోలో ఏ విభాగం చూసినా పొదుపే పొదుపు. ఏడాది తిరిగేసరికి మూడు విభాగాలకు ఉత్తమ పొదుపు పతకాలు వచ్చాయి. ఆ ముగ్గురు పతక విజేతలూ ఈ బస్సు మొదటి వరసలోనే, పతకాలు పెట్టుకుని, మలుపు మలుపుకీ టింగుమంటూ కూర్చున్నారు. స్టోర్సు ఆఫీసరు, క్యాంటీను మేనేజరు, రంగుల షెడ్డు సూపర్‌వైజరు.

విచారణ మొదలైన కాసేపటికి ఒక వింత జరిగింది. ఎంతసేపూ ఒకే వైపు తిరుగుతుండటంతో ట్యాంకులో ఉన్నది కవ్వంతో చిలికినట్టు విడిపోవడం మొదలుపెట్టింది. దేనికది వేరుపడి, వరసలో నిలబడి, వంతు ప్రకారం ఇంజనులోకి వెళ్ళసాగింది. బస్సు నోరు విప్పింది.

ముందుగా పొగ తెలుపు నుంచి నలుపుకి తిరిగింది. ఇంజను బరువుగా మూలిగింది. బస్సంతా కమ్మటి వాసన వ్యాపించింది.

"ఎవరో ఏదో వేయిస్తున్నారు," అంది కిటికీ పక్క సీట్లోని మామ్మగారు. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి పొద్దున ఎక్కిన మనిషి. ముగ్గురు పట్టే సీట్లో అయిదుగురితో కూర్చుని, ఒళ్ళో ఎవరిదో సంచీ పెట్టుకుని ఉంది. "నూనె బాగా మాడింది. ఇదివరకు చాలాసార్లు వాడిన నూనె."

కోడలు పెట్టె మీది ముల్లు చూసింది. అది చిక్కదనం వైపే చూపిస్తోంది. ఇంజెక్టర్లు శక్తికొద్దీ చిమ్ముతున్నాయి. ఆవిడ తల తిప్పి క్యాంటీను మేనేజరు వైపు చూసింది. అతని చొక్కాదీ అదే వాసన.

"ఏం బాబాయిగారూ, వాడేసిన నూనె ఎక్కడ పోస్తున్నారు?"

"కాలవలో పోస్తే ఊరు పాడవుతుంది కదమ్మా," అన్నాడతను నొచ్చుకుని. "ఎంతో కాదు, కొంచెమే. అంత డీజిలూ ట్యాంకులోంచి తీసి పక్కన పెట్టి, దీన్ని అందులో పోస్తున్నా. నీ పెట్టె సర్దుకుంటుందిగా!"

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "విచారణలో తేలిన మొదటి విషయం. మన క్యాంటీను ఊరి కాలవలను కాపాడుతోంది!" చప్పట్లు. మలుపు. అందరూ కిటికీల మీద పడ్డారు.

నల్ల పొగ పోయింది. మూలుగు పోయింది. దాని బదులు టకటకమని, రేకు డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు మోత మొదలైంది. సీట్ల కింద బోల్టులు చిన్నగా డాన్సు మొదలుపెట్టాయి. మామ్మగారి ఒళ్ళోని సంచీ తనంతట తనే లేచి కూర్చుంది. వాసన మారింది. కొత్తగా రంగు వేసిన తలుపుల వాసన.

"ఇది బద్ధకిష్టిది. ఆలస్యంగా అంటుకుని ఒక్కసారిగా పేలుతోంది," అంది కోడలు. పెట్టె చకచకా లెక్క మార్చి ముందుగా చిమ్మడం మొదలుపెట్టింది. మోత కొంచెం తగ్గింది. తగ్గిన మోతలో రంగుల సూపర్‌వైజరు గొంతు వినిపించింది. అడక్కుండానే చెప్తున్నాడు.

"బ్రష్షులు కడిగిన థిన్నరండీ అది. పారబొయ్యడానికి చేతులు రాలేదు. క్యాంటీను ఆయన కాలవలు కాపాడితే నేను నేలని కాపాడకూడదా? నేను కొంచెమే పోశా. ఇంకెవరైనా పోస్తున్నారని నాకేం తెలుసు?"

"నాకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు క్యాంటీను మేనేజరు. "నేనొక్కణ్ణే అనుకున్నా. నిన్ను చూస్తే నీతిమంతుడిలా కనపడతావయ్యా!"

"అదేమాట నేనూ అనొచ్చు!"

ఇద్దరూ మోసపోయినట్టు ఒకరినొకరు చూసుకున్నారు. అధ్యక్షులవారు రెండో విషయంగా రంగుల షెడ్డు నేలతల్లిని కాపాడుతోందని ప్రకటించారు.

మళ్ళీ తెల్ల పొగ. ఈసారి బస్సు ఎగిరెగిరి పడుతోంది. ఒక అడుగు పరుగు, ఒక అడుగు ఆలోచన. డ్రైవరు స్టీరింగుని గుండెకు హత్తుకుని, "పడకు నాన్నా, పడకు, ఇంకొక్క చుట్టు," అని బతిమాలుకుంటున్నాడు. కోడలు ఇంజను మూత ఎత్తి, డీజిలు గొట్టం చివర వేలు పెట్టి చూసుకుంది. వేలు తడిసింది. జిడ్డు లేదు. నాలిక చివర పెట్టుకుంది. రుచీ లేదు.

"నీళ్ళు," అంది.

అందరూ స్టోర్సు ఆఫీసరు వైపు తిరిగారు. అతను చేతిరుమాలుతో పతకం తుడుచుకున్నాడు. "నీళ్ళు ప్రకృతి వరం. పైగా నేను పోసినవి వడకట్టిన నీళ్ళు. నా పని మీద నాకు శ్రద్ధ."

"ఆ తీసిన మంచి డీజిలంతా ఏమైంది సార్?" అడిగింది కోడలు. "మీ ముగ్గురూ కలిపి సగానికి సగం తీసుంటారు. ఎక్కడికి పోయింది?"

ముగ్గురి కళ్ళూ ఒకేసారి ఒకే వైపు తిరిగి, మర్యాద గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాయి. ఆ వైపు అధ్యక్షులవారు నిలబడి ఉన్నారు.

"ఏం చెయ్యనమ్మా?" అన్నారాయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, చాలా నొచ్చుకుంటూ. "మా ఇంట్లో జనరేటరు ఉంది. దానికి నీ పెట్టె లేదు. అది సర్దుకోలేదు. ఒక్క చుక్క తేడా వచ్చినా ఆగిపోతుంది, అంత పొగరు దానికి. సర్దుకోలేనివాళ్ళకి మంచిది ఇచ్చి, సర్దుకునేవాళ్ళకి మిగిలింది ఇవ్వడమేగా ఎక్కడైనా పద్ధతి?"

ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు. విచారణ అధ్యక్షులవారి ఇంటి గుమ్మందాకా వెళ్ళి, చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచించి, వినయంగా వెనక్కి వచ్చేసింది.

వేదిక మీద రెండో విడత టీ పోస్తున్నారు. "తొందరగా తేల్చు," అని అధ్యక్షులవారు మైకుని కోడలి చేతిలో పెట్టారు. అప్పుడే పెట్టె మీది ముల్లు గిర్రున తిరిగి, అటూ ఇటూ కొట్టుకుని, సిగ్గుపడినట్టు మధ్యలో నిలబడిపోయింది.

పెట్టె చరిత్రలో అది ఎన్నడూ ఎరగని పరిస్థితి. వచ్చినది చిక్కనా కాదు, పలచనా కాదు. కొంచెం తియ్యన, కొంచెం ఘాటు, కొంచెం తలనొప్పి మందు. వెనక గొట్టం నుంచి బుడగలు వస్తున్నాయి. రంగురంగుల బుడగలు. కూడలి చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా ఆహా అన్నారు. ప్రతినిధి బృందంలో ఒకావిడ లేచి ఒక బుడగని వేలితో పొడిచింది.

"ఇది ఎవరిది?" అంది కోడలు.

క్యాంటీను మేనేజరు తనది కాదన్నాడు. రంగుల సూపర్‌వైజరు ఒట్టు పెట్టుకున్నాడు. స్టోర్సు ఆఫీసరు నీళ్ళు తప్ప తనకేమీ తెలియదన్నాడు. ఈసారి ముగ్గురూ నిజమే చెప్పారు. అలవాటు లేని పని గనక ముగ్గురికీ చెమటలు పట్టాయి.

"అయితే ఇంకెవరు పోశారు? ఇంకో చెయ్యి ఉంది ఇందులో!" అధ్యక్షులవారి కళ్ళు మెరిశాయి. తనకు వాటా రాని నేరం ఒకటి దొరికేసరికి ఆయనలో న్యాయం మేలుకుంది. "ఎవరది? ఎవడా దుర్మార్గుడు?"

మామ్మగారు ఒళ్ళోని సంచీని పక్కావిడకి అందించి, బొడ్లోంచి చిన్న సీసా తీసింది. "నాది ఆముదమండీ. రెండు చుక్కలే పోశా."

"మీరా?"

"రోజూ మా స్టాపు దగ్గరికి వచ్చేసరికి ఈ బస్సు ఆగిపోతుంది కదా. ఎంత తోసినా కదలదు. ఓ రోజు ఎవరో తలనూనె పోస్తే కదిలింది. మర్నాడు నేనూ ఆముదం తెచ్చా."

"నాది దగ్గు మందు," అన్నాడు వెనక సీట్లోంచి ఒక బడిపంతులు, అటెండెన్సు పలికినట్టు.

"నాది గోళ్ళ రంగు తుడిచేది. అది పోస్తే భలే అందుకుంటుందండీ," అంది ఒక టైపిస్టు.

"నాది బట్టల సబ్బు నీళ్ళు. బుడగలు నావే," అన్నాడు ఒక దర్జీ, కొంచెం గర్వంగా.

సంచీలు తెరుచుకున్నాయి. జేబులు తెరుచుకున్నాయి. బస్సు నిండా సీసాలు పైకి లేచాయి. చిన్నవి, పెద్దవి, బిరడా ఉన్నవి, బిరడా బదులు గుడ్డ కుక్కినవి. టిక్కెట్టు లేనివాళ్ళు ఇద్దరు దొరికారు గానీ సీసా లేనివాడు ఒక్కడూ దొరకలేదు.

"నాకు ముందే తెలుసు సార్," అన్నాడు కండక్టరు. "క్యూ పెట్టింది నేనే. పలచనివి ముందు, చిక్కనివి వెనక. లేకపోతే తోసుకుంటున్నారు."

"మరి ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదా?" అని కోడలు అడిగింది.

ప్రయాణికులు ఆవిడ వైపు జాలిగా చూశారు. "ఫిర్యాదు చెయ్యడానికి ఆఫీసుకి వెళ్ళాలి కదమ్మా," అన్నాడు పంతులు. "ఆఫీసుకి ఈ బస్సే వెళ్తుంది."

అధ్యక్షులవారు ఆలోచనలో పడ్డారు. ప్రయాణికుల్ని దోషులంటే రేపు బస్సెక్కేదెవరు? ముగ్గురు విజేతల్ని అంటే పతకాలు వెనక్కి తీసుకోవాలి, వాటి మీద తన సంతకం ఉంది. తనను అనుకోవడం మాత్రం ఆయనకు తట్టలేదు. గొప్పవాళ్ళకి కొన్ని ఆలోచనలు రావు.

"వీళ్ళందరూ మంచి ఉద్దేశంతో పోశారు. చెడు ఉద్దేశంతో ఎవరూ పొయ్యలేదు. ఈ బస్సులో ఏమీ పొయ్యనివాడు డ్రైవరు ఒక్కడే!" అన్నారు. "అందరూ తలా ఒక చెయ్యి వేస్తుంటే చేతులు ముడుచుకు కూర్చున్నాడు. దోషి కాక ఏమంటారు?"

వాదనలోని బలానికి మొదటి వరస తల వంచింది. ప్రయాణికులు కూడా బాధగా ఒప్పుకున్నారు. "పాపం పెద్దాయన మంచోడే," అన్నాడు దర్జీ. "కానీ ఎవరో ఒకరి పేరు చెప్పకపోతే ఇలా తిరుగుతూనే ఉంటాం. మా ఆవిడ ఎదురుచూస్తుంది."

వేదిక మీద కప్పులు కింద పెట్టిన చప్పుడయింది. బ్యాండు ఆగింది. అంటే టీ అయిపోయింది. ఇది ఆఖరి చుట్టు. ఈ చుట్టులో బస్సు వేదిక ముందు నుంచి సాగిపోవాలి, పేరు మైకులో మోగాలి.

మైకు కోడలి చేతిలో ఉంది. ఆవిడ మావయ్య వైపు చూసింది. ఆయన అద్దంలోంచి ఆవిడను చూశాడు.

"నా పేరే చెప్పెయ్యమ్మా. నువ్వు చిన్నదానివి, నీకు చాలా దూరం ఉంది. నాదేముంది? ఇంట్లో కూర్చుంటా. రెండు రోజులు కష్టంగా ఉంటుంది. తర్వాత నేనే సర్దుకుంటా."

కోడలు పుట్టినప్పటినుంచీ ఆ మాట చాలామంది నోట విన్నది. పుట్టింట్లో విన్నది, అత్తింట్లో విన్నది, ఆఫీసులో రోజూ విన్నది. ఆ మాట వినీ వినీ, అదంతా పోగుచేసి తన చేతులతో ఒక పెట్టె తయారుచేసింది. ఇప్పుడదే మాట, ఆవిడను ఎన్నడూ సర్దుకోమని అడగని ఒకే ఒక్క మనిషి నోట్లోంచి వచ్చింది.

ఆవిడ ఇంజను మూత ఎత్తి, పెట్టె వైరు పట్టుకుని, ఊడబెరికింది.

ఇంజనుకి జీవితంలో మొదటిసారి తను తాగుతున్నదేమిటో తెలిసింది. ఒక్కసారి గట్టిగా తుమ్మింది. ఒక నల్ల ఉండ, ఒక తెల్ల ఉండ, ఒక పెద్ద బుడగ వదిలింది. సరిగ్గా ఎర్ర తివాచీ ఎదురుగా, ప్రతినిధి బృందం నాయకుడి బూట్లకి జానెడు దూరంలో చచ్చిపోయింది.

ఫౌంటెను మీద కాకి ఒక్కసారి అరిచింది.

"ఏం చేశావే!" అన్నారు అధ్యక్షులవారు. "నీ పేరే! నీ పేరే చెప్తాను! ఏదీ మైకు?"

మైకు అందలేదు. అప్పటికే ప్రయాణికులు దిగుతున్నారు. వాళ్ళను ఎవరూ దిగమనలేదు. వాళ్ళకు అలవాటు. కండక్టరు ఈలవేస్తే సీసాలవాళ్ళు క్యూ కట్టారు. మిగతావాళ్ళు చొక్కా చేతులు మడిచి బస్సు వెనక చేరారు. మామ్మగారు రెండు చుక్కలు పోసి, చీరకొంగు బిగించి, ఆవిడ కూడా వెనక్కి వెళ్ళి భుజం ఆనించింది. "ఒకటీ, రెండూ, ఊఁ!" అంటే బస్సు కదిలింది. ఇంజను చచ్చిపోయిన బస్సు, నిండా ఆఫీసర్లతో, వేదిక ముందు నుంచి ఎంతో ఠీవిగా సాగింది. తోసేవాళ్ళు నవ్వుకుంటున్నారు, జోకులు వేసుకుంటున్నారు, ఎవరి కాలు తొక్కినా సారీ చెప్పుకుంటున్నారు.

ప్రతినిధి బృందం నాయకుడు కుర్చీలోంచి లేచాడు. తివాచీ దిగి, బస్సు పక్కన నడుస్తూ, తోసేవాళ్ళను తేరిపార చూశాడు. కళ్ళు చెమర్చాయి. ఏదో అన్నాడు. దుభాషీ కిటికీలోంచి లోపలికి అరిచాడు.

"ఇంజను తమకు అక్కర్లేదంటున్నారు. అలాంటివి వాళ్ళ దగ్గరా ఉన్నాయట. ఈ ప్రయాణికులు కావాలంటున్నారు!"

"ఏమిటీ?"

"ఏం పోసినా, ఎంత తిప్పినా, కోప్పడకుండా దిగి తోసే ప్రయాణికుల్ని వాళ్ళు ప్రపంచంలో ఎక్కడా చూడలేదట. వాళ్ళ దేశంలో బస్సు కాసేపు ఆలస్యమైతే జనం అద్దాలు పగలగొడతారట. ఇంత మంచి జనాన్ని తయారుచేసిందెవరో చెప్తే, వాళ్ళను తమ దేశం తీసుకెళ్ళి అత్యున్నత గౌరవం ఇస్తారట!"

కోడలి చేతిలో మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆవిడ దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, చాలా నిదానంగా, కూడలి అంతటా వినపడేలా అంది. "విచారణ సంఘం అడుగుతోంది. ఈ పరిస్థితికి కారణం ఎవరు? మైకులో ముందుగా వినపడిన పేరే తుది నిర్ణయం, ఆ పేరువాళ్ళు ఇక ఈ వాహనాన్ని తాకకూడదు. కండక్టరుగారు సాక్షి."

పొద్దుటినుంచీ ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఇప్పుడు జవాబులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"నేనే! నూనె పోసి అలవాటు చేసింది నేనే!" అని క్యాంటీను మేనేజరు మైకు వైపు దూకాడు. రంగుల సూపర్‌వైజరు అతని పతకం పట్టుకుని వెనక్కి లాగి, "థిన్నరు లేకపోతే వీళ్ళకి సహనం ఎక్కణ్ణించి వచ్చేది?" అన్నాడు. స్టోర్సు ఆఫీసరు నీళ్ళు అనబోయి, ఇద్దరి కిందా పడ్డాడు. అధ్యక్షులవారు ముగ్గురి మీదుగా చెయ్యి చాపి, పూలదండ తెంపుకుని, "వీళ్ళంతా నా కింది వాళ్ళు! మొత్తం చేసింది నేను!" అని గొంతు చించుకున్నారు. పాపం, మైకు ఆయన చేతికి అంగుళం దూరంలో ఉంది. కోడలు దాన్ని అప్పటికే కిటికీలోంచి బయటికి, బస్సు తోస్తున్నవాళ్ళ వైపు, వైరు పొడుగంతా చాపి పెట్టింది.

మామ్మగారు తోయడం ఆపకుండానే తల ఎత్తింది. లోపలి కేకలు ఆవిడకు బొత్తిగా నచ్చలేదు.

"వీళ్ళెవరండీ మనల్ని తయారుచెయ్యడానికి?" అంది పక్కనున్న పంతులుతో. "సీసా తెచ్చుకోమని వీళ్ళు చెప్పారా? క్యూ కట్టమన్నారా? తొయ్యమన్నారా?"

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు పంతులు, రోషంగా.

"మరి చెప్పండి గట్టిగా! మన గొప్ప ఎవడో కొట్టేస్తుంటే ఊరుకుంటామా?"

బస్సు వెనకనుంచి అందరూ ఒక్కసారే తలలెత్తి, సీసాలెత్తి, ఛాతీలు విరుచుకుని, మైకు అదిరేలా, కూడలి అదిరేలా అరిచారు.

"మేమే!"